డిజాస్టర్ అన్న మాట నాదే

ఆ ఏటి కోతల పండుగ భోజనం గురించి మా చర్చి సంఘంలో ఇప్పటికీ తలా ఒక రకంగా చెప్పుకుంటారు. మటన్ పాతదని కొందరు, బియ్యం మార్చేశారని కొందరు, ఎవరో గిట్టనివాళ్ళు ఏదో కలిపారని ఇంకొందరు. ఔరాద్ వైపు ఊళ్ళలో అయితే ఆ రోజు బీదర్‌లో మనుషులు ఆసుపత్రి పాలయ్యారని నమ్మేవాళ్ళు కూడా ఉన్నారు. ఈ కథలన్నీ ఒక్క ఇంగ్లీషు మాట నుంచి పుట్టాయి. ఆ మాట రాసింది నేను. వంట చేసిన మనిషికి ఈ కథల్లో దేనితోనూ సంబంధం లేదు. ఆమె నాకు వదిన, మా పెదనాన్న కొడుకు భార్య. అన్న పోయిన తరువాత పెళ్ళిళ్ళకూ ఫంక్షన్లకూ వంటలు చేసి బతుకుతోంది.

నేను ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. మాకు ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ, ఆఫీసుల్లో కన్నడం. ఇంగ్లీషు మాత్రం మా వాళ్ళలో ఎవరి సొంతమూ కాదు. అందుకని అది కొంత నాదే అనుకుని తిరిగేవాణ్ణి. డిజాస్టర్ నా నోట్లో ఎప్పుడూ నానే మాట. పిల్లల చేతిరాత డిజాస్టర్, స్టాఫ్‌రూం టీ డిజాస్టర్, మా హెడ్మాస్టరు కొత్త టైంటేబుల్ డిజాస్టర్. క్రికెట్ కామెంటరీ విని అబ్బిన అలవాటు అది. క్లాసులో మాత్రం అదే మాటకు ఎదురుగా వరద, భూకంపం, రైలు ప్రమాదం అని బోర్డు మీద రాసేవాణ్ణి. ఈ రెండు వాడకాల మధ్య ఎంత ఎడం ఉందో తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

మా ఇళ్ళల్లో పిడికెడు బియ్యం అని ఒక పద్ధతి ఉంది. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఇల్లాలు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. అది దేవుడి భాగం. ఆదివారం ఆ డబ్బాలు చర్చికి తెచ్చి, గుమ్మం పక్కన ఉన్న గోనెలో పోస్తారు. ఆ బియ్యాన్ని అప్పుడప్పుడూ వేలం వేస్తారు. కోళ్ళున్నవాళ్ళో, దోసెలకు నానబెట్టుకునేవాళ్ళో తీసుకుపోతారు. అన్నం వండుకోవడానికి మాత్రం ఎవరూ కొనరు. ఎందుకు కొనరో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించకపోవడంలో నాకొక సౌకర్యం ఉండిందని ఇప్పుడు అనుమానం.

ఆ ఏడు మా సంఘపెద్దకు ఒక మంచి ఆలోచన వచ్చింది. "ఈపారి వేలం బంద్ పెడదాం. అందరి పిడికెళ్ళు ఒక్క డేగిశల ఉడకాలె. అసలు ప్రేమవిందు అంటే గదే గద!" అన్నాడు. ఆమెన్ అన్నారు అందరూ. నేను కొంచెం గట్టిగానే అన్నాను.

వదిన ఆడవాళ్ళ వరసలోంచి లేచి, "అన్నా, అన్ని తీర్ల బియ్యం కలిస్తే అన్నం ఎట్లొస్తదో నాకైతే తెల్వదు మల్ల," అంది.

"ప్రార్థన చేసి ఎసరు పెట్టమ్మా. మంచిగనే వస్తది."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, "సరె తియ్. అన్నం ముద్దయితె ప్రార్థన తక్కువైనట్టు," అని కూర్చుంది.

పండుగ రోజు అన్నం ఆమె భయపడ్డట్టే వచ్చింది. బగారా అన్నంలో కొన్ని మెతుకులు ముద్దయ్యాయి, కొన్ని పలుకుగా ఉండిపోయాయి. పుదీనా, గరం మసాలా దాటుకుని పాత గోనె వాసన సన్నగా తగిలింది. మటన్ కూర మాత్రం బాగుంది. ఈ సంగతి నేను అప్పుడు ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మటన్ చాలా బాగుంది, నేను రెండోసారి అడిగి వేయించుకున్నాను.

షామియానా కింద టార్పాలిన్ మీద కూర్చుని, ప్లేటుకు ఫోటో తీసి, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కూడా ఉన్న సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కింద ఇంగ్లీషులో, ఈరోజు భోజనం డిజాస్టర్ అని రాశాను. పక్కన కూర్చున్న స్నేహితుడికి చూపించి నవ్వాను. అతను కూడా నవ్వాడు. ఆ నవ్వు గ్రూపులోకి వెళ్ళదు కదా. ఇంటికి వెళ్ళి పడుకున్నాను.

లేచేసరికి ఫోన్ నిండా చేతులు జోడించిన బొమ్మలు. దేవుడు కాపాడుగాక అని ఒకరు. ఎక్కడ, ఏ చర్చిలో అని ఒకరు. మా పిల్లకు కూడా వాంతులైనయి అని ఒకరు. ఆ పిల్ల ఆ రోజు చర్చి ఆవరణలో పెట్టిన మిఠాయిల అమ్మకాల బల్ల దగ్గర ఎన్ని జిలేబీలు తిన్నదో నేను కళ్ళారా చూశాను. అంతలో ఔరాద్ నుంచి ఒక దూరపు బంధువు ఫోన్ చేశాడు.

"సారు, ఎంతమంది?"

"ఎంతమంది ఏంది?"

"నాకన్న చెప్పున్రి. ఎంతమంది పోయిన్రు?"

"ఏం లేదు. ఎవరికేం కాలే."

"సరె సారు. చెప్పొద్దంటె చెప్పకున్రి," అని పెట్టేశాడు.

అతని తప్పేమీ లేదు. అతను ఆ మాటను టీవీలో మాత్రమే విన్నాడు. అక్కడ ఆ మాట వచ్చిందంటే వెనకాలే మనుషుల లెక్క వస్తుంది. నా చిన్నప్పుడు మా అమ్మ పాలు పొంగితే ఉర్దూలో ఆఫత్ అనేది, చెప్పకుండా చుట్టాలు దిగితే ఆఫత్ అనేది. పక్క జిల్లాలో భూకంపం వచ్చి మేమంతా వారాల తరబడి ఇంటి బయట చాపలేసుకుని పడుకున్నప్పుడు కూడా ఆఫత్ అనే అంది. ఏది ఏదో మాకు ఆమె గొంతును బట్టి తెలిసేది. ఇప్పుడేం కొంప మునిగింది అని ఎవరైనా అంటే ఇంట్లోకి నీళ్ళొచ్చాయా అని మనం చూడం. కానీ ఇంగ్లీషు మాటకు మా దగ్గర అలాంటి వాడుక గొంతు లేదు. దాన్ని మేము నోటీసుల్లో, వార్తల్లో చూస్తాం. అది వచ్చిందంటే ఏదో పెద్దదే జరిగి ఉంటుందనుకుంటాం.

అప్పుడే గ్రూపులో ఒక్క వాక్యం రాసి ఉండాల్సింది. అన్నం సరిగ్గా ఉడకలేదు, అంతకుమించి ఏమీ లేదు అని. దానికి బదులు నేను ఆ మెసేజ్ తీసేశాను. తీసేసిన చోట, ఈ మెసేజ్ తొలగించారు అన్న గుర్తు మిగిలిపోయింది. దాంతో జనం అనుమానం, మా మాటల్లో షక్, గట్టిపడింది. సారు ఎందుకు తీసిండు, ఎవరు తీయమన్నరు, పెద్దాయన ఫోన్ చేసిండా? తీసేయకముందే ఎవరో దాని స్క్రీన్ ఫోటో తీసి పెట్టుకున్నారు. ఆ ఫోటో ఊళ్ళు తిరగడం మొదలుపెట్టింది.

తరువాతి ఆదివారం చర్చి మెట్ల మీద జనం గుంపులుగా నిలబడి మెల్లగా మాట్లాడుకున్నారు. వదిన వస్తే మాట మార్చారు. ఇంటికి వచ్చాక మా ఆవిడ చెప్పింది.

"అందరు ఏమంటున్నరో ఎరుకేనా? మంచి బియ్యమంత ఇంటికి మోసుకపోయి, కంట్రోల్ బియ్యం ఏసి వండిందంట."

కంట్రోల్ బియ్యం అంటే రేషన్ బియ్యం. "ఎవరన్నరు?" అని అడిగాను.

"అందరు."

"నువ్వు?"

"నేనేం అన్లే. ఇన్న. అయినా అంత మంచి బియ్యం పోస్తె గట్లెట్ల అయితది, నువ్వే చెప్పు."

నాకు ఆ మాట నచ్చింది. ఎందుకు నచ్చిందో దాచను. వదిన నిజంగా బియ్యం మార్చి ఉంటే నేను రాసింది అబద్ధం కాదు, తొందరపాటు కూడా కాదు. ముందే పసిగట్టినవాణ్ణి అవుతాను. ఆ సాయంత్రం పలకరించే నెపంతో ఆమె ఇంటికి వెళ్ళాను. నిజానికి చూడ్డానికి వెళ్ళాను.

ఆమె గడపలో కూర్చుని చేటలో వెల్లుల్లి ఒలుస్తోంది. తలుపు వెనక మూతి కట్టిన సంచి ఒకటి ఉంది. బియ్యం సంచి అంత ఉంది.

"ఏం మరిదీ, తొవ్వ తప్పినవా?"

"ఊరికె వదినా. పాణం మంచిగున్నదా?"

"నాకేమైంది, మంచిగనే ఉన్న. నేను వండింది తిన్నోళ్ళ పాణమే ఖరాబైందంట గద."

నేను నవ్వలేదు. ఆమె ఒక రెబ్బ ఒలిచి, నా వైపు చూసింది. "గా మాటకు మతలబ్ ఏంది? రాసినోనివి నువ్వే గద, నువ్వే చెప్పు. నన్ను అడిగేటోళ్ళు తలా ఒకటి చెప్పవట్టిరి."

నా కళ్ళు సంచి మీదే ఉన్నాయి. "విపత్తు," అన్నాను, క్లాసులో చెప్పినట్టు.

"అంటె?"

"ఆఫత్ అన్నట్టు."

ఒలవడం ఆపింది. "అన్నం ముద్దయితె ఆఫతా మరిదీ?"

"ఇంగ్లీషుల ఊరికె గూడ అంటరు వదినా. చిన్న చిన్నయిటికి గూడ."

"ఊరికె అన్న మాట కుశనూర్ దాంక నడిచిపోతదా?"

అప్పుడు అసలు సంగతి చెప్పింది. కుశనూర్‌లో ఒక తెలుగు రైతు కుటుంబం వాళ్ళ మనవరాలి తొట్టెలకు, అంటే బారసాలకు, వంట ఆమెకే చెప్పారట. పెద్ద ఇల్లు, హిందువులు, తరాలుగా ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళు. మా పెద్దమ్మ, అంటే వదిన అత్త, వయసులో ఉన్నప్పుడు ఆ ఇంటి పొలంలో కూలికి పోయేది. ఆమెను కొట్టం దాటి లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. నీళ్ళు కూడా పైనుంచి దోసిట్లో పోసేవాళ్ళు. ఇప్పుడు ఆ ఇంటి కొడుకు ఎక్కడో పెళ్ళిలో వదిన చేసిన కూర తిని, తమ ఇంట్లో కూడా ఆమె చేతి వంటే కావాలన్నాడు. వాళ్ళ వంటింట్లో, వాళ్ళ పొయ్యి మీద.

"మా అత్త బతికుంటె నమ్మకపోయేది," అంది వదిన. "నాకు గా ఇంట్ల వండాలని ఉంది మరిదీ. ఇంకేం లేదు. గా ఇంటి ముసలమ్మ నా చేతిది ఒక్క బుక్క తింటె చాలనుకున్న. మూడు దినాల సంది ఫోన్ జేస్తె ఎత్తుతలేరు. నీ నంబర్ మెసేజ్ పెట్టిన వాళ్ళ కొడుకుకు. నిన్ను అడగమన్న. ఇంగ్లీషు నీది, నువ్వు ముడేసినవ్, నువ్వే ఇప్పాలె."

"చూద్దాం వదినా," అన్నాను. బయటికి వస్తూ మరోసారి సంచి వైపు చూశాను.

ఆ కొడుకు ఫోన్ చేశాడు. సోయా అమ్మడానికి బీదర్ వచ్చినప్పుడు బస్టాండు ఎదుట హోటల్లో కలిశాం. నెమ్మదస్తుడు. నేను ఎటువంటి జవాబు చెబితే అతనికి బాగుంటుందో ముఖం చూస్తేనే తెలిసిపోయింది.

"మా అమ్మకు మొదలే ఇష్టం లేకుండె సారు. ఇగ గా ఫోటో చూసినంక పట్టుకున్నది. చూసినవా, నేను ముందే చెప్పలేనా అంటుంది. మీరు ఒక్క ముక్క చెప్పున్రి. అన్నం ముద్దయింది, అంతకు మించి ఏం లేదని చెప్పున్రి. నేను పోయి అట్లనే చెప్త. సారే అన్నడని చెప్త."

టీ చల్లారుతోంది. అతను అడిగింది నిజం. నాకు తెలిసిన నిజం కూడా అదే. కానీ నా కళ్ళ ముందు ఆ మూతి కట్టిన సంచి ఉంది. రేపు ఏదైనా బయటపడితే ఈ సారు ఎందుకు వెనకేసుకొచ్చాడని అడుగుతారేమో. నా మాటకు విలువ పోతుందేమో.

"నాకు పూర్తిగ తెల్వదండి," అన్నాను. "బియ్యం సంగతి సంఘంల మాట్లాడుకుంటున్నరు. తేలినంక చెప్త."

అతను తల ఊపాడు. టీ తాగకుండానే లేచాడు. "అయితె ఏదో ఉన్నట్టే గద సారు," అన్నాడు, అడిగినట్టు కాకుండా. తొట్టెలకు దుబల్గుండి నుంచి వేరే వంటవాళ్ళను పిలిపించారని తరువాత తెలిసింది.

ఆ తరువాత కొద్ది రోజులకు స్కూలుకు సెలవొచ్చి, పొద్దున వంటింటి దగ్గర టీ తాగుతూ కూర్చున్నాను. మా ఆవిడ డ్రమ్ములోంచి మేము తినే సన్నబియ్యం కొలిచి ఎసట్లో పోసింది. తరువాత వంగి, గట్టు కింద ఉన్న రేకు డబ్బా మూత తీసి, అందులోంచి ఒక పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేసింది. రేకు డబ్బాలో ఉన్నది కంట్రోల్ బియ్యం. అవి మేము తినం. ఇంట్లో పడి ఉంటాయి, పురుగు పడితే కోళ్ళవాళ్ళకిస్తాం.

"గందులకెల్లి ఏస్తున్నవేంది?" అన్నాను.

ఆమె చెయ్యి ఆగలేదు. "ఎప్పుడు గందులకెల్లే గద."

"వండే బియ్యంలకెల్లి తియ్యాలె గద పిడికెడు."

"ఎవరు తీస్తున్నరు? మీ అమ్మ గూడ గంతే ఏసేది. నాకు నేర్పింది ఆమెనే." మూత పెట్టి నా వైపు తిరిగింది. "అందరిండ్లల్ల గంతే. వేలం పాడే బియ్యానికి ఎవరు సన్నబియ్యం పోస్తరు?"

అప్పటిదాకా వదిన మీద ఒక్కో మాటగా విన్నదంతా నాకు వేరేలా వినపడింది. ఆ డేగిశలో కంట్రోల్ బియ్యం ఎక్కడివని మా ఇళ్ళల్లో ఎవరికీ సందేహం ఉండాల్సిన అవసరం లేదు. తన డబ్బాలో ఏముందో ప్రతి ఇల్లాలికీ తెలుసు. అందుకే వదిన మార్చేసిందన్న మాటను అంత త్వరగా, అంత కోపంగా పట్టుకున్నారు. నేను నా మెసేజ్ కోసం పట్టుకున్నాను, వాళ్ళు తమ పిడికెళ్ళ కోసం. మా అమ్మ చెయ్యి కూడా అందులో ఉందని తెలిశాక ఎవరినీ పెద్దగా అనాలనిపించలేదు.

ఔరాద్ బస్సెక్కి కుశనూర్ వెళ్ళాను. కొడుకు పొలంలో ఉన్నాడు. ముసలమ్మ వరండాలో కూర్చుని కందిపప్పు చెరుగుతోంది. మనవరాలు తొట్టెలలో నిద్రపోతోంది. నన్ను బల్ల మీద కూర్చోమంది. నేను ఎవరినో, ఎందుకొచ్చానో చెప్పి, అన్నం ముద్ద కావడం తప్ప ఆ రోజు ఏమీ జరగలేదని, బియ్యం మేమే అట్లాంటివి పోశామని, ఆ ఇంగ్లీషు మాట నేను ఊరికే రాశానని చెప్పాను.

ఆమె చేట ఆపకుండా విన్నది. "ముద్దయిందా? గంతేనా?"

"గంతేనమ్మా."

"మరి మా పోరడు అడిగిననాడు ఎందుకు చెప్పలే సారు?"

ఆమె చేటలోంచి ఒక రాయి ఏరి అవతలికి విసిరింది. "తొట్టెల అయిపాయె. ఇగ ఇప్పుడు చెప్తె ఏమొస్తది? మల్ల ఏమన్న కార్యమైతె చూద్దాం తియ్." చూద్దాం అంటే ఏమిటో నాకు తెలుసు. అదే మాట నేను వదినతో అన్నాను. నాకు మంచినీళ్ళు స్టీలు గ్లాసులో ఇచ్చారు. తాగాక ఆ గ్లాసును ఎక్కడ పెట్టారో చూడాలనిపించింది. చూడకుండా వచ్చేశాను.

ఆదివారం ప్రార్థన మనవులు చెప్పుకునే సమయంలో లేచి ఇదంతా చెప్పాను, మా ఇంటి రేకు డబ్బాతో సహా. మా ఆవిడ తలమీద కొంగు ముందుకు లాక్కుంది. సంఘపెద్ద గొంతు సవరించుకుని, "తమ్ముడు మనసు జర బరువు చేసుకున్నడు. ప్రార్థన చేద్దాం," అన్నాడు. కళ్ళు మూసుకున్నాం. మెట్లు దిగుతుంటే వెనక ఒక ఆడమనిషి గొంతు వినపడింది: "మా ఇంట్లయితె సన్నబియ్యమే ఏస్తం. ఎవరిండ్లల్ల ఏం ఏస్తున్నరో మాకేం ఎరుక." ఇంకో గొంతు, "మేం గూడ," అంది. మూడో గొంతు కూడా అంది. షక్ పోలేదు, వదిన ఇంటి దగ్గర నుంచి లేచి ఒక్కో ఇంటి ముందూ కూర్చుంది. మా ఆవిడ నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

వదిన ఆ రోజు చర్చికి రాలేదు. మధ్యాహ్నం ఆమె ఇంటికి వెళ్ళాను. నేను చెప్పిందంతా అప్పటికే ఆమెకు చేరింది. లోపలికి వెళ్ళి, ప్లేటులో అన్నం, చింతచిగురు పప్పు పెట్టి తెచ్చి, నా ముందు పెట్టింది.

"తింటవా, ఫోటో దింపుతవా?"

తిన్నాను. అన్నం పొడిపొడిగా ఉంది.

"ముసలామె ఏమన్నది?" అని అడిగింది.

"మల్ల ఏమన్న కార్యమైతె చూద్దాం అన్నది."

"ఇగ పిలువరు," అంది. పిలవలేదు కూడా, ఈరోజు వరకూ.

అప్పుడు నా కళ్ళు, నేను పంపకుండానే, తలుపు వెనక్కి వెళ్ళాయి. అక్కడ సంచి లేదు. గచ్చు మీద అది ఉన్నచోట గుండ్రంగా మరక మాత్రం ఉంది.

"ఏం దేవులాడుతున్నవ్ మరిదీ?"

"ఏం లేదు," అనబోయి ఆగాను. ఔరాద్ ఫోన్‌కు అన్నది కూడా ఆ మాటే. "గాడ ఒక సంచి ఉండె వదినా. పండుగ బియ్యం నువ్వు తెచ్చుకున్నవనుకున్న. గందుకే కుశనూర్ ఆయనకు సక్కగ చెప్పలే."

ఆమె గంటె పట్టుకుని నిలబడే ఉంది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు, లేక నాకు కనిపించలేదు. సంచిలో ఏముందో ఆమె చెప్పలేదు. నేను ఈనాటికీ అడగలేదు.

"అనుకున్నవా," అంది, "ఇంక అనుకుంటున్నవా?"

నేను ఏదో చెప్పడానికి తల ఎత్తాను. ఆమె జవాబు కోసం ఆగకుండా వంగి, నా ప్లేటులో ఇంకో గంటెడు అన్నం వేసింది.

"తిను. సల్లారుతది."